ఇంటి బండి

మనిషికి తాను వాడుకొనే వస్తువులతో ఏర్పడే అనుబంధం విచిత్రమైనది. కొన్నిటిని వాడుకున్నంతకాలం వాడుకొని మరచిపోతాడు. కొన్నిటిని మాత్రం అవసరం తీరిన తరువాత కూడా వదులుకోలేడు. తాతగారి చేతికర్ర, అమ్మమ్మ తమలపాకుల పెట్టె, మూత ఊడిపోయిన ఇత్తడి మరచెంబు – అంగడిలో వీటికి విలువ కట్టేవారు లేరు. అయినా ఇల్లు మారిన ప్రతిసారీ ఆ కుటుంబం వాటిని వెంట తీసుకుపోతూనే ఉంటుంది. గత శతాబ్దపు చివరి దశకాలలో ఎన్నో మధ్యతరగతి ఇళ్ళలో ఇటువంటి వస్తువుల సరసన ఒక వాహనం కూడా చేరింది. ప్రజలు దానిని 'మారుతీ వ్యాను' అని పిలుచుకున్నారు.

అంతకు పూర్వం మనదేశంలో కారు సంపన్నుల గృహాలకే పరిమితం. అంబాసిడర్, పద్మిని వంటి కొద్దిపాటి కార్లు మాత్రమే రోడ్లపై కనిపించేవి. 1981లో ప్రభుత్వ రంగ సంస్థగా మారుతీ ఉద్యోగ్ ఏర్పడింది. జపాన్‌కు చెందిన సుజుకి సంస్థ సహకారంతో 1983 డిసెంబరులో మారుతీ 800 కారు విడుదలైంది. మరుసటి సంవత్సరమే, అంటే 1984లో, అదే సంస్థ ఈ వ్యానును తెచ్చింది. 1988లో దానికి 'ఓమ్ని' అని పేరు పెట్టారు. పేరు మారినా జనం నాలుకపై 'వ్యాను' అన్న మాటే నిలిచింది. ముప్పై అయిదేళ్ళపాటు కర్మాగారం నుంచి వెలువడిన ఈ వాహనం ఉత్పత్తి 2019లో నిలిచిపోయింది. ప్రయాణికుల రక్షణకూ కాలుష్య నియంత్రణకూ వచ్చిన కొత్త నిబంధనలకు దాని పాత నిర్మాణం తట్టుకోలేకపోయింది.

ఆ నిర్మాణంలోనే దాని ప్రత్యేకత ఉంది. 796 ఘనపు సెంటీమీటర్ల మూడు సిలిండర్ల చిన్న ఇంజను ముందు సీట్ల కింద ఒదిగి ఉండేది. ముందువైపు పొడుచుకువచ్చే బానెట్ లేనందువల్ల బండి పొడవంతా మనుషులకూ సామానుకూ దక్కేది. రెండు ప్రక్కలా వెనుకకు జరిగే తలుపులు ఉండేవి. ఇరుకు సందులోనైనా, గోడ ప్రక్కనైనా తలుపు తీయవచ్చు. ఇన్ని సౌకర్యాల వల్ల ఒకే బండి ఉదయం బడిపిల్లల వాహనమై, మధ్యాహ్నం సరుకుల బండియై, అర్ధరాత్రి అంబులెన్సుగా మారేది. చలనచిత్రాలలో దుష్టులు మనుషులను అపహరించడానికి కూడా తరచు దీనినే వాడేవారు. ఆ అపకీర్తి కూడా దానికి తప్పలేదు.

కృష్ణా జిల్లాలో గుడివాడకు సమీపాన ఉన్న ఒక గ్రామంలో ఉన్నత పాఠశాల ఉపాధ్యాయుడొకరు 1994లో ఇటువంటి వ్యానును కొన్నారు. ఊరంతా ఆయనను మాస్టారు అని పిలిచేది. వృద్ధులైన తల్లిదండ్రులు, భార్య, కూతురు, కొడుకు, భర్తను కోల్పోయి పుట్టింటికి చేరిన చెల్లెలు – ఇంతమంది ఉన్న ఇల్లు అది. స్కూటరు చాలదు. పెద్ద కారు కొనే స్తోమత లేదు. భవిష్యనిధి నుంచి అప్పు తీసుకొని, భార్య దాచిన సొమ్ము దానికి కలిపి ఆయన తెల్లని వ్యానును ఇంటికి తెచ్చారు. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి, కొబ్బరికాయ కొట్టి, పసుపు కుంకుమలతో స్వస్తిక్ గుర్తు వేసింది ఆ ఇల్లాలు.

ఆ రోజు మొదలు ఆ బండి ఆ ఇంటిదే కాక ఆ వీధి అంతటిది అయింది. 108 సేవలు 2005లో గాని మొదలు కాలేదు. అంతవరకు పల్లెల్లో రాత్రివేళ ప్రసవవేదన మొదలైనా, పాము కరిచినా బండి ఉన్న ఇంటి తలుపే తట్టవలసి వచ్చేది. మాస్టారి ఇంటి తలుపు అట్లా ఎన్నోసార్లు చప్పుడైంది. ఆయన ఏనాడూ విసుక్కోలేదు. పెట్రోలు డబ్బులు ఇవ్వబోతే, "ఉంచవయ్యా, రేపు బిడ్డకు పాలకు పనికొస్తాయి" అనేవారు.

కొడుకు 2002లో పట్టణంలోని జూనియర్ కళాశాలలో చేరాడు. తండ్రి పాఠశాలకు వెళ్తూ దారిలో అతనిని వ్యానులో దింపేవారు. తోటి విద్యార్థులలో కొందరు కొత్త మోటారు సైకిళ్ళపై వచ్చేవారు. ఒకనాడు జరిగే తలుపు పెద్ద శబ్దంతో తెరుచుకోగా, ఎవరో "దొంగల బండి వచ్చిందిరా, జాగ్రత్త!" అన్నారు. చుట్టూ ఉన్నవారు నవ్వారు. ఆ నవ్వులో ద్వేషం లేదు. కాని పదహారేళ్ళ వయసులో ఆ తేడా తెలియదు. ఆ సాయంత్రం ఆ బాలుడు తండ్రితో, "నాన్నగారూ, రేపటి నుంచి మలుపు దగ్గరే ఆపండి. అక్కడి నుంచి నడిచి వెళ్తాను" అన్నాడు. తండ్రి కారణం అడగలేదు. "అలాగే" అన్నారు. మరునాటి నుంచి బండి మలుపు దగ్గరే ఆగింది.

కాలం గడిచింది. కూతురు వివాహమై గుంటూరులో స్థిరపడింది. కొడుకు ఇంజనీరింగు పూర్తిచేసి హైదరాబాదులో ఉద్యోగంలో చేరాడు. తాతా నాయనమ్మలు, మేనత్త ఒకరి వెనుక ఒకరు కాలం చేశారు. 2012లో మాస్టారి భార్య కూడా మరణించింది. ఆ తరువాత ఆయన వ్యాను తాళంచెవులు ముట్టుకోలేదు. వేపచెట్టు ప్రక్కనున్న రేకుల పాకలో, నీలం టార్పాలిన్ కప్పుకొని ఆ బండి పన్నెండేళ్ళు నిలిచిపోయింది.

2024 సంక్రాంతికి వచ్చిన కొడుకు పాకను శుభ్రం చేయించి, బండిని పాత ఇనుము వ్యాపారికి ఇచ్చివేయాలని నిశ్చయించాడు. అతని ఆలోచనలో తప్పేమీ లేదు. పాత వాహనాలను తొలగించేందుకు కేంద్ర ప్రభుత్వం 2021 ఆగస్టులో ఒక విధానాన్నే ప్రారంభించింది. పదిహేనేళ్ళు దాటిన కారుకు రిజిస్ట్రేషను పునరుద్ధరించే రుసుమును 2022 ఏప్రిల్ నుంచి 600 రూపాయల నుండి 5,000 రూపాయలకు పెంచారు. తిరగని బండిని ఇంట్లో ఉంచుకొని ప్రయోజనమేమిటి? తండ్రిని అడిగితే, "నీ ఇష్టం నాయనా" అన్నారు ఆయన. అంతకుమించి ఒక్క మాట లేదు. ఇరవై రెండేళ్ళ క్రితం "అలాగే" అన్నప్పటి స్వరమే అది.

వ్యాపారి వచ్చి టార్పాలిన్ తొలగించాడు. టైర్లు నేలకు అతుక్కుపోయాయి. సీటులో ఎలుకలు గూడు కట్టి వైర్లు కొరికివేశాయి. కాగితాల కోసం కొడుకు ముందు అరను తెరిచాడు. అందులో గట్టి అట్ట వేసిన ఒక పొడవాటి లెక్కల పుస్తకం ఉంది.

మాస్టారు బడిలో హాజరు పట్టీ నింపినంత శ్రద్ధగా ఆ పుస్తకం రాశారు. తేదీ, వెళ్ళిన ఊరు, ఎక్కినవారి పేర్లు, పోసిన పెట్రోలు, తిరిగి వచ్చిన వేళ – ఒక్కొక్క గడిలో ఒక్కొక్కటి. 2004 కృష్ణా పుష్కరాలకు ఇంటిల్లిపాదీ విజయవాడ వెళ్ళి స్నానం చేసిన రోజు ఉంది. అక్క పెళ్ళికి అరటిగెలలు తెచ్చిన రోజు ఉంది. వీధిలో నేడు పట్టభద్రురాలై తిరుగుతున్న ఒక అమ్మాయి పుట్టిన రాత్రి ఉంది. దాని ఎదుట "ఆడపిల్ల, తల్లీబిడ్డ క్షేమం" అని రాసి ఉంది. ఇంకా కొన్ని పేజీల నిండా ఒకే వరుస మళ్ళీ మళ్ళీ కనిపించింది: "కళాశాల – మలుపు వరకు." ఒకచోట మాత్రం ఇంకొక మాట చేర్చారు: "వాన. గొడుగు ఇచ్చాను."

పుస్తకంలో చివరి వరుస 2012 నాటిది. "విజయవాడ ఆసుపత్రి. నేను, ఆమె." తిరిగి వచ్చిన వేళ రాయవలసిన గడి ఖాళీగా ఉంది. ఆ తిరుగు ప్రయాణంలో బండిలో మాస్టారు ఒక్కరే ఉన్నారు. దానిని ఆయన రాయలేదు.

కొడుకు పాక బయటకు వచ్చి, వ్యాపారి చేతిలో దారి ఖర్చులు పెట్టి పంపివేశాడు.

అయితే గతంపై ప్రేమ వేరు, తుప్పు పట్టిన యంత్రాన్ని తిరిగి నడిపించడం వేరు. అందుకు కావలసింది ఓర్పు. గుడివాడలో ఇటువంటి బండ్లు విప్పి బిగించి తల నెరిసిన ఒక మేస్త్రి ఉన్నాడు. అతడు వచ్చి బండి చుట్టూ ఒకసారి తిరిగి, "తాళం మాత్రం తిప్పకండి బాబూ. ఇన్నేళ్ళు పడుకున్నదాన్ని ఒక్కసారిగా లేపకూడదు" అన్నాడు.

అతని మాటలో శాస్త్రం ఉంది. దీర్ఘకాలం కదలని ఇంజనులో సిలిండరు గోడలపైనున్న నూనె పొర ఆరిపోతుంది. ఆ స్థితిలో బలవంతంగా తిప్పితే పిస్టను రింగులు గోడలను గీరివేస్తాయి. మేస్త్రి ముందు సీటును పైకెత్తి, మూడు ప్లగ్గులు విప్పి, ఆ రంధ్రాలలో కొంచెం కొంచెం నూనె పోసి రెండు రోజులు ఆగాడు. మూడవనాడు స్పానరుతో ఇంజనును చేతితోనే మెల్లగా తిప్పాడు. మొదట మొరాయించింది. తరువాత పావు చుట్టు, ఆపైన అర చుట్టు తిరిగింది. "బిగుసుకుపోలేదు. ప్రాణం ఉంది మాస్టారూ!" అని కేకవేశాడు. అరుగుపై పత్రిక చదువుతున్న మాస్టారు తల ఎత్తలేదు. కాని పేజీ తిప్పడం మానివేశారు.

పెట్రోలు ట్యాంకులో మిగిలిన ఇంధనం జిగురుగా మారింది. ట్యాంకును దింపి కడిగారు. కార్బొరేటరులో పెట్రోలును సన్నని ధారగా విడిచే జెట్లు పూడుకుపోగా, వాటిని ఒక్కొక్కటిగా శుభ్రం చేశారు. పాత రబ్బరు గొట్టాలన్నీ మార్చారు. దీనికి వయసుతోపాటు మరొక కారణం ఉంది. 2023 నుంచి దేశంలో ఇరవై శాతం ఇథనాలు కలిపిన పెట్రోలు దశలవారీగా వ్యాపించింది. ఇథనాలు తేమను పీల్చుకుంటుంది; పాతకాలపు రబ్బరును పాడుచేస్తుంది. 1994లో తయారైన బండికి ఆ ఇంధనం పరిచయం లేనిది. కనుక దానిని తట్టుకొనే గొట్టాలు వేయవలసి వచ్చింది.

వెనుక చక్రాలు తిరగనే లేదు. బ్రేకు డ్రమ్ములకు లైనర్లు తుప్పుతో అతుక్కున్నాయి. బ్రేకు నూనెను నెట్టే సిలిండర్ల రబ్బర్లు ఎండిపోయాయి. వాటన్నిటినీ మార్చారు. టైర్లు చూడటానికి బాగానే ఉన్నాయనిపించి, గాలి కొడితే సరిపోతుందని కొడుకు అన్నాడు. మేస్త్రి టైరు ప్రక్కన ముద్రించిన నాలుగు అంకెలు చూపించాడు: 1709. అంటే 2009వ సంవత్సరం పదిహేడవ వారంలో తయారైన టైరు. గాట్లు అరగకపోయినా పదిహేనేళ్ళలో రబ్బరు పెళుసుబారుతుంది. వేగంలో ఉండగా ఎప్పుడు పగులుతుందో చెప్పలేము. నాలుగు టైర్లూ కొత్తవి వచ్చాయి.

అన్నిటికంటె కష్టమైనది తుప్పు. జరిగే తలుపుల పట్టాలలో మట్టి, నీరు చేరి అడుగు రేకును తినివేశాయి. కాలు వేసే చోట నేల కనిపించింది. టింకరింగు చేసేవారు పాడైన భాగాన్ని కోసివేసి కొత్త రేకు అతికారు. తలుపు కింది చక్రాలు దొరకలేదు. కొడుకు విజయవాడ జవహర్ ఆటోనగర్‌కు వెళ్ళి, పాత విడిభాగాల దుకాణాలలో ఒక పూటంతా వెదికి వాటిని సంపాదించాడు. ఆనాటి ఎండలో ఇనుప సామాను గుట్టల నడుమ నిలబడి, తన జీవితంలో ఒక వస్తువు కోసం ఇంత తిరిగింది ఎన్నడూ లేదని అతనికి తోచింది. కొత్తది కొనడం అతనికి తెలుసు. ఉన్నదానిని నిలబెట్టడం ఇప్పుడే నేర్చుకుంటున్నాడు.

ఖర్చు చూస్తే పాత ఇనుముగా రావలసిన సొమ్ముకు అనేక రెట్లయింది. గుంటూరు నుంచి అక్క ఫోనులో నిలదీసింది. "తమ్ముడూ, ఆ బండి మీద నీకెంత మమకారమో నాకూ అంతే. కాని ఎయిర్‌బ్యాగులు లేవు. ముందు బానెట్ లేదు. దేనికైనా గుద్దుకుంటే మొదట తగిలేది మనిషి మోకాళ్ళకే. అమ్మ జ్ఞాపకం కోసం పిల్లల ప్రాణాలు పణంగా పెడతావా?" అని అడిగింది. ఆ మాటకు ఎదురు చెప్పడానికి వీలులేదు. అందులోని సత్యాన్ని తమ్ముడు అంగీకరించాడు. బండి జాతీయ రహదారి ఎక్కకూడదు. గంటకు నలభై కిలోమీటర్లు దాటకూడదు. చీకటి పడిన తరువాత తీయకూడదు. ముందు సీట్లకు కొత్త బెల్టులు వేయించి, అవి పెట్టుకోనిదే తాళం తిప్పకూడదు. పిల్లలను దూర ప్రయాణాలకు ఎక్కించకూడదు. ఈ నియమాలన్నీ అక్క చెప్పగా తమ్ముడు ఒక కాగితంపై రాసి అద్దం ప్రక్కన అతికించాడు.

పనులు పూర్తయ్యేసరికి వేసవి వచ్చింది. మిగిలింది ప్రభుత్వ అనుమతి. రిజిస్ట్రేషను గడువు ఏనాడో తీరిపోయింది. ఆలస్యానికి అపరాధ రుసుముతో సహా సొమ్ము చెల్లించి, బీమా చేయించి, రవాణా శాఖ తనిఖీకి బండిని తీసుకువెళ్ళారు. పొగ పరీక్షలో మొదటిసారి తప్పింది. కార్బొరేటరులో గాలికీ పెట్రోలుకూ పాళ్ళు కుదరలేదు. మేస్త్రి చెవి ఒగ్గి ఇంజను శబ్దం వింటూ స్క్రూను వెంట్రుకవాసి తిప్పి సరిచేశాడు. రెండవసారి నెగ్గింది. తనిఖీ అధికారి బ్రేకులు, దీపాలు పరీక్షించి అయిదేళ్ళకు అనుమతి ఇచ్చారు.

ఆ సాయంత్రం కొడుకు తాళంచెవులు తండ్రి చేతికి అందించాడు. ఆయన వాటిని ఒక క్షణం చూసి, తిరిగి కొడుకు చేతిలోనే పెట్టారు. "కళ్ళు సరిగా ఆనడం లేదురా. నువ్వు నడుపు" అని ఎడమవైపు సీటులో కూర్చున్నారు. అది ఆయన భార్య కూర్చునే చోటు. ఆయన బెల్టు పెట్టుకొనేవరకు కొడుకు ఆగాడు.

బండి పట్టణం చేరింది. కళాశాల వీధి మొదలయ్యే మలుపు వచ్చింది. మాస్టారు కిటికీ నుంచి చూస్తూ, పాత అలవాటున, "ఇక్కడ ఆపుతావా?" అన్నారు. ఆ ప్రశ్నలో ఎత్తిపొడుపు లేదు. కొడుకు సమాధానం చెప్పలేదు. బండిని ముందుకు పోనిచ్చి, సరిగ్గా కళాశాల గేటు ఎదుట ఆపాడు. తరగతులు ముగిసి విద్యార్థులు బయటకు వస్తున్నారు. వారిలో నలుగురు ఆగి బండిని వింతగా చూశారు. ఒక కుర్రవాడు దగ్గరకు వచ్చి, "అన్నా, ఇది ఏ సంవత్సరం బండి? తలుపు ఒకసారి జరిపి చూడవచ్చా?" అని అడిగాడు. కొడుకు తల ఊపాడు. తలుపు పెద్ద శబ్దంతో జరిగింది. ఆ శబ్దం విని ఈసారి నవ్వినవారిలో అతడు కూడా ఉన్నాడు.

"నాన్నగారూ, ఆనాడు..." అని అతడు మొదలుపెట్టాడు. మాస్టారు ఆ మాటను సాగనివ్వలేదు. "ఆ వయసులో నేను మా నాన్న ఎడ్లబండి దిగి నడిచేవాణ్ణి" అన్నారు.

ప్రతి పాత వస్తువునూ నిలబెట్టుకోవడం సాధ్యం కాదు, అవసరమూ కాదు. పొగ కక్కే వాహనాలు రోడ్లమీది నుంచి తొలగవలసిందే. కాని ఒక వస్తువును వదిలివేసే ముందు, అది ఎవరెవరి భారం మోసిందో ఒకసారి తెలుసుకోవడం మనిషికి తగిన మర్యాద. తల్లిదండ్రుల శ్రమ తరచు ఇటువంటి వస్తువులలోనే దాగి ఉంటుంది. వారు దానిని చెప్పుకోరు. ఎప్పుడో ఒకనాడు బిడ్డలే దానిని చదువుకోవలసి ఉంటుంది.

ఇంటికి తిరిగి వచ్చిన తరువాత మాస్టారు ముందు అర తెరిచి లెక్కల పుస్తకం తీశారు. కళ్ళద్దాలు సవరించుకొని, పన్నెండేళ్ళ తరువాత తేదీ వేశారు. ఎక్కినవారి పేర్లు రాశారు. పెట్రోలు లెక్క రాశారు. వెళ్ళిన చోటు గడిలో "కళాశాల – గేటు వరకు" అని రాసి, తిరిగి వచ్చిన వేళ కూడా నింపారు. పుస్తకంలో ఇంకా పన్నెండు పేజీలు ఖాళీగా ఉన్నాయి.